మూరెడు నీళ్లు

చిల్లురాయి దగ్గరికి చీకటి పడ్డాక కుక్క కూడా పోదు.

ఒడ్డు చివర, ఇసుకా నీళ్లూ కలిసే చోట నిలబడి ఉంటుంది ఆ రాయి. మనిషికి మనిషిన్నర ఎత్తు. పైభాగంలో చెయ్యి దూరేంత చిల్లు. పోటుకి సగం మునుగుతుంది, పాటుకి మళ్లీ బయటపడుతుంది. నీళ్లు పెరిగితే పోటు, తగ్గితే పాటు. మా ఒడ్డున మాటలు రాని పిల్లలకి కూడా ఈ రెండూ తెలుసు.

ఆ రాయి దగ్గర రాత్రిపూట ఒక గొంతు లోతు చెప్తుందంటారు. ముందు దూరంగా — "రెండు బారలూ..." తర్వాత కొంచెం ఇటుగా — "బారన్నరా..."

లోతు తగ్గుతోందంటే ఏంటి? చెప్పేవాడు లోపల్నించి ఒడ్డుకి వస్తున్నాడని.

విన్నవాళ్లెవరూ ఆఖరి మాట దాకా ఆగలేదు. ఒక్కడు తప్ప. వాడు కూడా ఆగాలని ఆగలేదు, కాళ్లు రాక ఆగాడు.

వాడి సంగతే చెప్తున్నా. నాకు దెయ్యాలంటే నమ్మకం తక్కువ. బతికున్నవాళ్లతో వేగేసరికే పొద్దు చాలడం లేదు. సగం నన్ను అక్కా అని పిలిచే జీపు డ్రైవరు చెప్పింది, సగం నాకు తెలిసింది. చదువు రెండో తరగతిలోనే అటకెక్కింది కాబట్టి మాట వంకరగా ఉంటే సర్దుకోండి. కుట్టు మాత్రం వంకర పోదు.

ముందు కొలతలు చెప్పేస్తాను, మధ్యలో అడక్కండి. చాచిన అరచెయ్యి జాన. రెండు జానలు మూర, మోచెయ్యి నుంచి వేలి కొస దాకా. నాలుగు మూరలు బార, అంటే రెండు చేతులూ బార్లా చాపినంత. ఎవడి బార వాడి నిలువెత్తు. నమ్మకపోతే గోడకి ఆనుకుని చూసుకోండి.

నేను జాకెట్లు కుడతాను. మా ఆయన పడవ మీద లోతు కొలిచేవాడు. సీసం గుండు కట్టిన తాడు నీళ్లలోకి వదిలి, గుండు అడుక్కి తగలగానే తాడు చూసి కేక వేసేవాడు. తాడుకి బార దగ్గర తోలు ముక్క, రెండు బారల దగ్గర గుడ్డ, మూడింటి దగ్గర ముడేసిన గుడ్డ. అవన్నీ కుట్టింది నేనే. చీకట్లో కనపడకపోతే పెదవికి తాకించి చూసేవాడు, తోలా, గుడ్డా అని. ఒడ్డంతా బారలాయన అనేవాళ్లు. అసలు పేరు నేనే మర్చిపోయేలా ఉండేది.

ఇంటికొచ్చేటప్పుడు కూడా ఆ పిచ్చి పోయేది కాదు. వీధి మొదట్లో "బారా..." అనేవాడు. మెట్టు దగ్గర "మూరా..." తలుపు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి — "గడప."

నేను లోపల్నించి, "ఆ, కాళ్లు కడుక్కుని తగలడు" అనేదాన్ని.

నా గొంతు కాస్త మగ గొంతు. "నువ్వు పడవెక్కితే గుండు అక్కర్లేదే, నీ కేకకి నీళ్లే తగ్గిపోతాయి" అని నవ్వేవాడు. ఇరవై రెండేళ్లు ఇదే వరస.

ఇలా ఉండగా వాళ్లొచ్చారు. ముగ్గురు. పెద్దసారు, మ్యాపులమ్మాయి, జీపు డ్రైవరు. ఒడ్డున మూతపడ్డ ఉప్పు గోదాం ఉంది, దాని పైగదుల్లో దిగారు. ఎప్పుడో వందల ఏళ్ల కిందట ఇక్కడ పెద్ద రేవుండేదట, ఓడలొచ్చేవట, సముద్రం మింగేసిందట. అది ఎక్కడుందో కనిపెట్టడం వాళ్ల పని.

ఎలా కనిపెడతారో నాకు మ్యాపులమ్మాయి చూపించింది. వాళ్ల సంచులూ జెండాలూ కుట్టడానికి పోయేదాన్ని కదా. నూరేళ్ల కిందటి మ్యాపొకటి, విమానంలోంచి తీసిన ఫొటోలు, ఆకాశం మీద తిరిగే ఉపగ్రహం తీసినవి. ఒక్కోదాని మీద పలచటి కాగితం పరిచి ఒడ్డు గీతని పెన్సిలుతో దింపేది. ఒక్కో కాలానికి ఒక్కో రంగు. తర్వాత ఆ కాగితాలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి దీపానికి పట్టేది.

"చూడు పిన్నీ, ఇక్కడ సముద్రం లోపలికొచ్చింది. ఇక్కడ వెనక్కిపోయింది. ఇదిగో ఈ వంపులో ఒకప్పుడు ఏరుండేది, ఇసుక పూడ్చేసింది. రేవంటూ ఉంటే ఈ ఏటి నోట్లోనే ఉండాలి."

జాకెట్టు నాలుగుసార్లు విప్పి కుడితే పాత కుట్ల గుర్తులు ఉంటాయి చూడండి. అలా ఉంది ఒడ్డు.

ఆ వంపు ఎక్కడా అంటే చిల్లురాయి ఎదురుగానే. రాయికీ అవతల ఇసుక దిబ్బకీ మధ్య ఒక పాయ ఉంది. చచ్చిపోయిన ఏటి పాయ. గొట్టం గుచ్చి తీస్తే నల్ల మట్టొచ్చింది, కాటుకలాగా. అలలు కొట్టే చోట ఇసుకే ఉంటుందట, నీళ్లు కదలకుండా నిలబడ్డ చోటే ఆ నల్ల మట్టి పేరుకుంటుందట. రేవు నీళ్లన్నమాట. ఇంకొన్నాళ్లకి అడుగున రాతి గోడ కూడా తగిలింది. ఆ చిల్లులోంచి ఓడల తాళ్లు కట్టేవాళ్లని అప్పుడు తెలిసింది. మేమేమో ఇన్నాళ్లూ ఎద్దుల్ని కట్టే రాయనుకున్నాం.

వాళ్ల దగ్గర లోతు చెప్పే యంత్రం ఉంది, చిన్న పెట్టె. పాయలో ఇసుక రేగితే అది తాగినోడిలా లెక్కలు చెప్పేది. అందుకని మా ఆయన్ని పెట్టుకున్నారు.

లోతొక్కటే చాలదు. నీళ్లు గంటగంటకీ పెరుగుతాయి, తరుగుతాయి కదా. అందుకని చిల్లురాయికి ఒక కొలబద్ద బిగించారు, గజం బద్దలాంటిదే, మనిషంత పొడుగు. నీళ్లు ఏ అంకె దగ్గరున్నాయో చూసి, దాన్నిబట్టి అసలు లోతు కడతారు. బద్దకి మధ్యలో ఎర్రగీత. ఎర్రగీత బయటపడితే పాయ నడుం లోతు, నడిచి దాటొచ్చు. ఆ లెక్క పెట్టింది పెద్దసారే.

అంతకుముందు మా ఆయన దేన్నిబట్టి దాటేవాడంటే, రాయికి పట్టిన గుల్లల్నిబట్టి. నీళ్లు రోజూ ఎంత దాకా వస్తాయో అంత దాకా గుల్లలు పడతాయి. బద్ద బిగించడానికి రాయంతా గీకించేశాడు పెద్దసారు. పాత గుర్తు పోయింది. కొత్త గుర్తే మిగిలింది.

ఇక ఆ రాత్రి సంగతి.

అమావాస్యకి పాటు బాగా కిందికి పోతుంది. ఆ నెలల్లో అది మూడో ఝాములో, అర్ధరాత్రి దాటాక వచ్చేది. ముందురోజు సాయంత్రం యంత్రం పెట్టె దిబ్బ మీదే మర్చిపోయారు. తేమకి పాడవుతుందని పెద్దసారు కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. మా ఆయన్ని లేపుకుపోయాడు. డ్రైవరు టార్చి పట్టుకున్నాడు.

బద్ద మీద ఎర్రగీత బయటపడి ఉంది.

మా ఆయన దిగలేదట. చెవి ఒగ్గి నిలబడ్డాడట.

"పాయ ఇంకా లాగుతోంది సార్. చప్పుడు వేరేగా ఉంది. గంట ఆగుదాం."

"గీత బయటపడిందా, లేదా?"

"పడింది."

"నీ చెవి నమ్మాలా, నా కొలబద్ద నమ్మాలా?"

"మీ కొలబద్దేలెండి" అన్నాడట.

దిగాడు. సగం పోయాక నడుముండాల్సిన నీళ్లు రొమ్ము దాటాయి. పాటు ఇంకా అయిపోలేదు, సముద్రంలోకి గుంజుతోంది. ఒక్క కేక కూడా వెయ్యలేదట. బతుకంతా కేకలేసినవాడు.

రెండోరోజు దొరికాడు. భుజాన ఉండే గుండుతాడు దొరకలేదు.

అడగడానికి వచ్చినవాళ్లకి పెద్దసారు ఒక్క ముక్కలో తేల్చేశాడు. "తాగి దిగాడు. వద్దన్నా వినలేదు."

మా ఆయన మందు వాసన కూడా పడని మనిషి. అది ఒడ్డంతా తెలుసు. కానీ కాగితం మీద పడిన మాటకి ఒడ్డేం చేస్తుంది? నెల తిరిగేసరికి ఒడ్డు కూడా ఆ మాటే అనడం మొదలెట్టింది. బారలాయనకి నీళ్ల లెక్క తప్పిందట. పాపం, చివర్లో తాగుడు మొదలెట్టాడట.

చచ్చిపోయాడు, సరే. సముద్రం మీద బతికేవాళ్లకి అదేం వింత కాదు. ఏడ్చేది ఏడ్చాను, మిషను తొక్కేది తొక్కాను. కానీ ఈ మాట... గొంతులో ముల్లులా దిగి కూర్చుంది. లెక్క తప్పని మనిషిని లెక్క తప్పినవాణ్ణి చేశారు. అది వెనక్కి తీయించాలి. అన్నవాడి నోటితోనే తీయించాలి. నాకు ఇంకేం అక్కర్లేదు.

డ్రైవర్ని నిలదీశాను. "నువ్వు పక్కనే ఉన్నావు కదరా. తాగాడా?"

"లేదక్కా." తల దించుకున్నాడు. "నా ఉద్యోగం అక్కా..."

"సరేలే. నీ ఉద్యోగం చల్లగా ఉండాలి" అన్నాను. అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. లేచిపోనీ అనుకున్నాను.

రెండు వారాల తర్వాత మ్యాపులమ్మాయి మా ఇంటికొచ్చింది. చుట్టిన కాగితం చంకలో పెట్టుకుని, తలుపు దగ్గరగా వేసి.

"పిన్నీ, సముద్రం ఒక్కరోజులో మూరెడు దిగుతుందా?"

"నీకు పిచ్చి పట్టిందా?"

కాగితం పరిచింది. పాయ నిండా అంకెలు. ఒక తారీఖు దాకా ఒక వరస, ఆ తారీఖు నుంచి ఇంకో వరస. అదే పాయ, అదే గోడ, కొలిచినవాడూ ఒకడే. రెండో వరసలో అంతా మూర లోతెక్కువ.

"రెండు ముక్కలూ అతుకు కలవడం లేదు" అంది.

అతుకు కలవకపోతే తప్పు గుడ్డలో అయినా ఉండాలి, టేపులో అయినా ఉండాలి. గుడ్డ సముద్రం. అది అబద్ధం చెప్పదు.

మర్నాడు మధ్యాహ్నం పాటుకి చిల్లురాయి దగ్గరికి పోయాను, టేపు మెళ్లో వేసుకుని. బద్ద నాలుగు మేకుల మీద ఉంది. ఒక్కో మేకుకీ సరిగ్గా కింద సిమెంటు పూసిన మచ్చ. సూదితో గీకాను. చిల్లు. నాలుగు మేకులకీ కింద నాలుగు చిల్లులు. టేపు పెట్టి చూశాను.

మూర. వెంట్రుక తేడా లేదు.

బద్దని ముందు బిగించిన చోటు నుంచి మూర పైకి జరిపి కొట్టారన్నమాట. బద్ద పైకి పోతే నీళ్లు కిందికి పోయినట్టు కనిపిస్తాయి. ఎర్రగీత ముందే బయటపడుతుంది. నడుం లోతన్నది నిజానికి ఇంకో మూర ఎక్కువ.

"ఎందుకు చేశాడమ్మా?" అని అడిగాను మ్యాపులమ్మాయిని.

"గోడ ఎంత లోతుంటే అంత పాతదని లెక్క పిన్నీ. మూర పెరిగితే కొన్ని వందల ఏళ్లు పెరుగుతాయి. అందరికంటే పాత రేవు కనిపెట్టినవాడవుతాడు."

రేవుంది. అబద్ధం రేవు కాదు, మూర. ఆ మూర బయటపడుతుందనే, పాయ లాగుతోందని తెలిసి కూడా, నా కొలబద్ద నమ్ము అన్నాడు.

"నువ్వు చెప్పు పైవాళ్లకి" అన్నాను.

"నా మాట నిలవదు పిన్నీ. మొన్న అడిగాను ఈ తేడా ఏంటి సార్ అని. ఆ తేడా బారలాయనది, తాగుబోతు చేతి లెక్క, అన్నారు."

నవ్వొచ్చింది నాకు. కోపం బాగా ముదిరితే నాకు నవ్వొస్తుంది.

సాయంత్రం గోదాం మెట్లెక్కాను. పెద్దసారు టీ తాగుతున్నాడు.

"అయ్యా, ఆ రాయి మీద నాలుగు చిల్లులేంటి?"

కప్పు దింపలేదు. కానీ గుటక ఆగింది. "పాత మేకులవి. నీకర్థం కాదులేమ్మా."

"అవును లెండి. నాకు మూరలూ జానలూ తప్ప ఏం తెలుసు?"

అంతే అన్నాను. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చాలు.

ఎల్లుండి పైనుంచి పెద్ద అధికారులు వస్తున్నారు, వాళ్ల కొలతల పెట్టెలు వాళ్లే తెచ్చుకుని. బద్దని మళ్లీ పాత చిల్లుల్లోకి దించకపోతే పట్టుబడతాడు. దించాలంటే రాయి మొదలు బయటపడాలి. పగలు నలుగురూ చూస్తారు, రాత్రిపూట అంత కిందికి పోయే పాటు ఈలోపు ఒక్కటే ఉంది — రేపు అమావాస్య రాత్రి, మూడో ఝాము.

ఇక్కణ్ణుంచి డ్రైవరు చెప్పింది చెప్పినట్టు చెప్తాను.

కట్ట మీద జీపాపించాడట పెద్దసారు. లైట్లార్పించాడు. "నువ్వు ఇక్కడే ఉండు, దిగొద్దు" అన్నాడు. సుత్తి, చిన్న టార్చి తీసుకుని ఒక్కడే నడిచాడు.

గాలి లేదు. నీళ్లు బాగా వెనక్కి పోయాయి. చిల్లురాయి మొదలు దాకా బయటపడి, పళ్లూడిన చిగుళ్లలా ఉంది. పక్కన బోర్లించిన విరిగిన పడవ తప్ప ఒడ్డున ఇంకేం లేదు.

మొదటి మేకు ఊడింది. రెండోది ఊడింది.

మూడోది కొడుతుంటే — పాయలోంచి...

"రెండు బారలూ..."

సుత్తి ఆగింది.

టార్చి అటు తిప్పాడు. నల్లటి నీళ్లు. ఎవరూ లేరు.

కాసేపటికి మళ్లీ సుత్తి చప్పుడు. ఈసారి తొందర తొందరగా.

"బారన్నరా..."

డ్రైవరు స్టీరింగు పట్టుకుని బిగుసుకుపోయాడట. ఆ సాగదీత, చివర్న ఆ దించడం... ఆరు నెలలు రోజూ విన్న గొంతది.

నాలుగో మేకు ఊడి బద్ద చేతిలోకొచ్చింది. దాన్ని రొమ్ముకి కరుచుకుని పెద్దసారు రాయికి వీపు ఆనించాడు. టార్చి కింద పడింది. ఆరలేదు, నీళ్లలో పడి వెలుగుతూ ఉంది.

"బారా..."

ఇప్పుడు దగ్గర. పడవ మీద మనిషి కేకలా లేదు. నడిచొచ్చే మనిషి మాటలా ఉంది.

"ఎవరది?" అన్నాడు పెద్దసారు. గొంతు పిల్లాడిలా ఉందట.

చప్పుడు లేదు. నీళ్లు ఇసుకలోకి ఇంకే చప్పుడు తప్ప.

తర్వాత, చాలా మెల్లగా, చెవి పక్కన చెప్పినట్టు —

"నడుం లోతన్నారు కదా సార్... మీ లెక్కలో మూర తక్కువైంది. ఎక్కడ పెట్టారు?"

పెద్దసారు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"నేనే జరిపాను" అన్నాడు. ముందు గొణిగాడు, తర్వాత అరిచాడు, తర్వాత ఏడ్చాడు. "మూర పైకి నేనే కొట్టాను. నీళ్లు లాగుతున్నాయని నాకు తెలుసు. తెలిసే దిగమన్నాను. నువ్వు తాగలేదు... నీ లెక్క తప్పలేదు... వెళ్లిపో, నీకు దణ్ణం పెడతాను, వెళ్లిపో."

డ్రైవరు పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి రాయి మొదట్లో ముద్దలా పడి ఉన్నాడట, బద్దని కౌగిలించుకుని. విడిపించబోతే కరిచాడట. డ్రైవరు మణికట్టు మీద ఆ పళ్ల గాటు నేనే చూశాను.

తెల్లారి అధికారులొచ్చారు. బద్ద ఇంకా ఆయన చేతుల్లోనే ఉంది. రాయి మీద నాలుగూ నాలుగూ ఎనిమిది చిల్లులు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. మ్యాపులమ్మాయి తన కాగితం పరిచింది. ఈసారి డ్రైవరు ఉద్యోగం సంగతి ఎత్తకుండా రెండు రాత్రుల సంగతీ చెప్పాడు. "నిజమేనా?" అని అడిగితే పెద్దసారు తలూపి, అదంతా మళ్లీ మొదట్నించి చెప్పాడు. ఎవరూ అడగనివి కూడా.

"తాగి దిగాడు" అన్న మాట కొట్టేశారు. మ్యాపు మూలన, లోతులు కొలిచినవారు అని రాసి, మా ఆయన అసలు పేరు వేసింది మ్యాపులమ్మాయి. నాకు చదివి వినిపించింది. పరాయివాడి పేరులా ఉంది.

అందరూ వెళ్లిపోయాక డ్రైవరు మా ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"అక్కా, బావ వచ్చాడక్కా."

"ఆ, వచ్చాడు. చాయ్ తాగుతావా?" అన్నాను.

ఇక దాచడం ఎందుకు, మీకు చెప్పేస్తా. ఆ రాత్రి బోర్లించిన పడవ కింద ఉన్నది నేనే. పోటు నీళ్లు వెనక్కి పోగానే వెళ్లి దూరాను, ఒళ్లంతా పీతలు పాకాయి. మొదటి మాట కొంగు నోట్లో కుక్కుకుని, మొహం ఇసుక వైపు తిప్పి అన్నాను, దూరంగా వినపడాలని. తర్వాత తర్వాత కొంగు తీస్తూ వచ్చాను. ఆఖరిది పడవ పగుల్లోంచి ఆయన చెవి పక్కనే అన్నాను. ఇరవై రెండేళ్లు విన్న కేక రాకపోతే అది నా తప్పు. మగ గొంతని నవ్వేవాడు కదా, పనికొచ్చింది.

ఆయన ఒప్పుకోగానే వెనక నుంచి పాక్కుంటూ జారుకున్నాను. నాక్కావాల్సింది దొరికింది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని పడుకున్నాను. బాగా నిద్ర పట్టింది.

డ్రైవరుకి ఇదేం చెప్పలేదు. చాయ్ ఇచ్చాను. తాగుతూ తాగుతూ అడిగాడు.

"అక్కా, బావ లోతులన్నీ నాకు తెలుసు. కానీ ఆఖర్న ఒకటన్నాడు... అదేం కొలతో తెలియలేదు."

"మూర తక్కువైంది అన్నది కదా?"

"అది కాదక్కా. దాని తర్వాత. సారు ఒప్పుకుని ఏడుస్తున్నారు, నేను జీపు దిగి పరిగెడుతున్నాను. పాయలో గుండు పడ్డ చప్పుడైంది, బుడుంగుమని. అంతకుముందు నాలుగుసార్లూ ఆ చప్పుడు లేదు. తర్వాత మెల్లగా అన్నాడు..."

"ఏమని?"

"గడప."

నా చేతిలో సూది వేలికి దిగింది.

"గడపంటే ఎంత లోతక్కా?"

"తెలియదు" అన్నాను. "చాయ్ చల్లారిపోతోంది, తాగు."

ఆ రాత్రి వీధి తలుపు గడియ పెట్టలేదు. భయమా అంటే భయం కాదు. ఇరవై రెండేళ్ల మొగుడికి భయపడేదేముంది? వస్తే కాళ్లు కడుక్కోమందామని చెంబుతో నీళ్లు కూడా పెట్టాను. మూడు రాత్రులు పెట్టాను. ఆ తర్వాత కూడా రోజూ గడియ తీసే పడుకున్నాను. గడప మీద ఇసుక రేణువు కూడా లేదు. చివరికి కోపమొచ్చింది. ఎవరి గడప చెప్పి ఎక్కడికి పోయాడీయన?

మూడు అమావాస్యలు గడిచాయి. మొన్న మ్యాపులమ్మాయి ఫోను చేసింది.

"పిన్నీ, ఒక మాట చెప్తాను, నవ్వకూడదు."

"చెప్పు."

"పెద్దసార్ని తీసేశారు కదా. సముద్రానికి బాగా దూరంగా, కొండల వెనక ఊళ్లో ఇల్లు తీసుకున్నారు. అక్కడ చెరువు కూడా లేదు. నాకు ఒక పొట్లం పంపించారు. ఇదేం మట్టో చూడు, నా గడప మీద ఉంటోంది, అని రాశారు."

"ఏం మట్టి?"

"నల్ల మట్టి పిన్నీ." గొంతు తగ్గించింది. "పరీక్ష చేసి చూశాను. మన పాయ మట్టి. రేవు మట్టి."

మిషను చక్రం మీద చెయ్యి పెట్టుకుని విన్నాను.

"అమావాస్య అమావాస్యకీ వస్తోందట. తలుపు మీద తడిగీత కూడా ఉంటోందట, నీళ్లు నిలబడి తగ్గినట్టు. మొదటిసారి జానెడు ఎత్తున. రెండోసారి మూర. భయపడి ఇల్లు మారారు. కొత్త ఇంట్లో..."

"మళ్లీ జాన దగ్గర్నించా?"

"కాదు పిన్నీ. ఆగిన దగ్గర్నించే. ఈసారి రెండు మూరలు. ప్రతిసారీ రెట్టింపు."

వాళ్లు గోదాంలో ఉన్నప్పుడు పెద్దసారుకి ఒకసారి చొక్కా కొలతలు తీశాను. పొట్టి మనిషి. నాలుగు మూరలకి జానెడు తక్కువ.

"పిన్నీ, ఏం చెప్పమంటావు ఆయనకి?"

"మా ఆయన లెక్క తప్పడని చెప్పమ్మా" అన్నాను.

ఫోను పెట్టేశాను. పొద్దుగూకింది. లేచి, వీధి తలుపు వేసి, ఇన్నాళ్లకి గడియ పెట్టుకున్నాను.